పెద్దవాళ్ళు మళ్ళీ నలుగురిలోకి: ఫోన్, ట్యాబ్‌లతో ఏం చేయవచ్చు, ఎలా చేయాలి

మా పెదనాన్నగారు రోజూ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్ళేవారు. అక్కడ కిటికీ పక్కన నలుగురు కూర్చునే బల్ల ఒకటి ఉండేది. ఆయన గట్టిగా చదివితే మిగతా ముగ్గురూ విని వాదనకు దిగేవారు. మోకాళ్ళు సహకరించక ఆ వెళ్ళడం ఆగిపోయింది. ఇంట్లో అందరం కలిసి ఒక ట్యాబ్ కొనిచ్చాం, వేలకొద్దీ పుస్తకాలున్న యాప్ కూడా వేసిచ్చాం. రెండు నెలల తర్వాత చూస్తే అది చార్జింగ్ అయిపోయి బీరువాలో పడుంది. "ఏం పెదనాన్నా, నచ్చలేదా?" అని అడిగితే, "పుస్తకాలకేం, బోలెడున్నాయమ్మా. వినేవాళ్ళేరీ?" అన్నారు.

ఆయనకి కావలసింది ఆ బల్ల. మేం ఇచ్చింది పుస్తకాల గుట్ట. ఈ మార్గదర్శి అంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది. 1948లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలో 27వ అధికరణం, సమాజపు సాంస్కృతిక జీవితంలో స్వేచ్ఛగా పాల్గొనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందంటుంది. అందులో వాడిన మాట 'పాల్గొనడం'. పెద్దవాళ్ళ చేతికి ఫోనిచ్చి వీడియోలు పెట్టేసి మన పనిలో మనం పడిపోతే, ఆ హక్కులో సగం కూడా వాళ్ళకి అందనట్టే.

1. ముందు అడగండి, తర్వాత కొనండి

ఒక సాయంత్రం పక్కన కూర్చుని నాలుగు సంగతులు అడగండి. ఇదివరకు ఏం చేసేవారు? ఎవరితో కలిసి చేసేవారు? అది ఎప్పుడు ఆగింది? ఎందుకు ఆగింది? పాటా, పుస్తకమా, నాటకమా, బొమ్మలా, కుట్టుపనా, భజనా, చదరంగమా, ఏదైనా కావచ్చు.

నాలుగో ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. మందు అక్కడే ఉంది. కళ్ళు కనబడక చదవడం మానేసినవారికి ఆడియో పుస్తకం కావాలి. నడవలేక మానేసినవారికి వీడియో కాల్ పనికొస్తుంది. చెవులు సరిగా వినబడక నలుగురిలో కూర్చోవడం మానేసినవారికి అదే వీడియో కాల్ నరకం, వారికి మాటలు అక్షరాలుగా కనబడే ఏర్పాటు ముందు కావాలి. తోడుండే మనిషి పోయాక మానేసినవారికి ఏ యాప్ పనిచేయదు. ఇంకో తోడు దొరికేదాకా మీరే ఆ తోడు.

"నాకేం ఇష్టాలున్నాయిలే ఈ వయసులో" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. అప్పుడు లెక్క మార్చండి. మనుషులకి 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవి మిగతా వయసులకంటే ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవారు ఎప్పుడో గమనించారు. 1945లో పుట్టినవారైతే 1955 నుంచి 1975 దాకా అన్నమాట. ఆ ఏళ్ళలో రేడియోలో వచ్చినవీ, పత్రికల్లో పడ్డవీ, వేదికల మీద ఆడినవీ రెండు మూడు వెతికి వినిపించండి, చూపించండి. ప్రశ్నలకి రాని జవాబు పాట పల్లవికి వచ్చేస్తుంది.

2. కళ్ళు, చెవులు, వేళ్ళు: ముందు ఫోన్‌ని మార్చాలి

"మా అమ్మకి ఫోన్ రాదండీ" అనే ఇళ్ళలో సగం సార్లు అసలు సంగతి ఏమిటంటే ఆ ఫోన్ పాతికేళ్ళవాడి కళ్ళకీ వేళ్ళకీ తగ్గట్టు ఉంటుంది. పాఠం మొదలుపెట్టే ముందు ఒక గంట సెట్టింగ్స్‌లో గడపండి. కావలసినవన్నీ దాదాపు 'యాక్సెసిబిలిటీ' అనే చోటే ఉంటాయి.

కళ్ళతో మొదలుపెడదాం. అరవై ఏళ్ళ కంటి లోపలి పొరకి చేరే వెలుగు, ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. అందుకే అక్షరం సైజు పెంచడం ఒక్కటే చాలదు. స్క్రీన్ వెలుతురు పెంచండి, అక్షరాలు ముదురుగా వచ్చే 'బోల్డ్ టెక్స్ట్' ఆన్ చేయండి, లేత బూడిద రంగు అక్షరాలుండే యాప్‌లకి దూరంగా ఉండండి. డార్క్ మోడ్ అందరికీ మంచిదనుకోకండి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొందరి కళ్ళకి అలుక్కుపోయినట్టు కనబడతాయి. రెండు రకాలూ చూపించి వాళ్ళనే ఎంచుకోమనండి. అద్దాలు మార్చి ఎన్నాళ్ళయిందో కూడా ఒకసారి కనుక్కోండి.

చెవుల సంగతి వేరు. వయసుతో ముందు పోయేది సన్నటి, హెచ్చు స్థాయి ధ్వనులు. స, శ, ఫ వంటి హల్లులు బతికేది ఆ ధ్వనుల్లోనే. అందుకే "వినబడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. అది నిజం, నటన కాదు. శబ్దం పెంచితే గోల పెరుగుతుంది, మాట తేటపడదు. ఫోన్ స్పీకర్ చాలా చిన్నది కాబట్టి మంచి హెడ్‌ఫోన్లు గానీ విడి స్పీకర్ గానీ పెట్టండి. ఒక చెవి బాగా తగ్గినవారికి, రెండు వైపుల ధ్వనినీ కలిపి రెండు చెవులకీ పంపే 'మోనో ఆడియో' ఆన్ చేయండి. లేకపోతే పాటలో ఒక వైపు వచ్చే వాయిద్యాలు వాళ్ళకి అసలు చేరవు. ఈ ఒక్క మీట వల్ల పాట నిండుగా వినబడిందని చెప్పినవాళ్ళు నాకు తెలుసు. మాటల్ని అక్షరాలుగా చూపే లైవ్ క్యాప్షన్, లైవ్ ట్రాన్స్‌క్రైబ్ వంటివి ఆండ్రాయిడ్‌లో 2019 నుంచీ ఉన్నాయి. అన్ని భాషలకీ రావు కాబట్టి, మీవారి భాషలో వస్తాయో లేదో ముందే సరిచూసుకోండి.

ఇక వేళ్ళు. మనం ఎక్కువగా విసుక్కునేది ఇక్కడే, అందుకే దగ్గర నుంచి చెబుతాను. పెదనాన్నగారు ట్యాబ్ మీద ఒక బొమ్మని నొక్కుతారు. ఏమీ జరగదు. మళ్ళీ నొక్కుతారు, ఈసారి గట్టిగా, కాలింగ్ బెల్ నొక్కినట్టు వేలు అక్కడే ఉంచి. బొమ్మలన్నీ కదలడం మొదలుపెడతాయి, ఒకటి తొలగించమంటారా అని అడుగుతుంది. ఆయన భయపడి చెయ్యి తీసేస్తారు. తప్పు ఆయనది కాదు. తెర మన చర్మంలోని విద్యుత్ వాహకతని బట్టి పనిచేస్తుంది, పొడిబారిన వేళ్ళని అది సరిగా గుర్తించదు. రెండోసారి వేలు ఎక్కువసేపు ఉంచడంతో 'లాంగ్ ప్రెస్' అనుకుంది. చేతులకి కొంచెం మాయిశ్చరైజర్ రాసుకుని తుడుచుకుంటే మొదటి చిక్కు తగ్గుతుంది. ఆండ్రాయిడ్‌లో 'టచ్ అండ్ హోల్డ్ డిలే'ని 'లాంగ్' అని మారిస్తే రెండోది తగ్గుతుంది. ఐఫోన్‌లో ఇలాంటి సర్దుబాట్లు 'టచ్ అకామడేషన్స్'లో ఉంటాయి. వేళ్ళు వణికేవారికి చవక స్టైలస్ పెన్ను కూడా బాగా పనిచేస్తుంది.

3. ఒకే ఒక్క పని నేర్పండి

హోమ్ స్క్రీన్ మీద నాలుగు బొమ్మలకి మించి ఉంచకండి. ఐఫోన్, ఐప్యాడ్‌లలో 2023లో వచ్చిన 'అసిస్టివ్ యాక్సెస్' ఈ పని తనే చేస్తుంది, పెద్ద పెద్ద బొమ్మలతో అతి తక్కువ యాప్‌లు చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో అయితే చాలా ఫోన్లలో మిగతావి తీసేసి మీరే సర్దాలి. నోటిఫికేషన్లు, ఆటోప్లే ఆపేయండి. ఆటోప్లే వల్ల వాళ్ళు ఎంచుకున్న పాట అయిపోగానే వాళ్ళు అడగనిది మొదలవుతుంది. అరగంట తర్వాత చూస్తే ఎక్కడో తేలతారు.

మొదటి వారం ఒక్క పని చాలు. ఉదాహరణకి, వచ్చిన వీడియో కాల్ ఎత్తడం. నేర్పేటప్పుడు పాటించాల్సిన నియమం ఒక్కటే: ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉండాలి. "ఇలా ఇవ్వండి, నేను చేస్తాను" అన్నారా, పాఠం అక్కడితో సరి. మీ చేతులు వెనక్కి కట్టుకుని నోటితో చెప్పండి. వాళ్ళు తప్పు నొక్కితే "ఫర్వాలేదు, ఇంటి బొమ్మ నొక్కితే మొదటికి వస్తాం" అనండి. ఎక్కడికి వెళ్ళినా వెనక్కి వచ్చే దారి తెలిస్తే టెన్షన్ సగం పోతుంది.

తర్వాత ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో అంచెలు రాయండి. "యాప్ ఓపెన్ చేయండి" అని రాయొద్దు, "ఆకుపచ్చ బొమ్మ ఒకసారి తాకండి" అని రాయండి. ఇంకా మంచి పద్ధతి, వాళ్ళ మాటల్లో వాళ్ళ చేతనే రాయించడం. టైపింగ్ కష్టమైతే కీబోర్డు మీద మైకు బొమ్మ చూపించి, వాళ్ళ భాషలో మాట్లాడితే అక్షరాలు పడతాయని చేసి చూపండి. ఇది చూసి కళ్ళు మెరవని పెద్దవాళ్ళని నేను చూడలేదు.

4. కలిసి చూడండి

ప్రపంచంలోని మ్యూజియాలు ఇప్పుడు తెర మీదికి వచ్చాయి. మ్యూజియాల్లోని చిత్రాలు చూపే గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ అనే సైటు 2011లో 17 మ్యూజియాలతో మొదలై చాలా పెరిగింది. ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 2021లో తన సేకరణలన్నీ ఆన్‌లైన్‌లో అందుబాటులో పెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం, చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో గీసిన 'నైట్ వాచ్' చిత్రాన్ని 2022లో 717 గిగాపిక్సెల్స్ (ఒక్కో గిగాపిక్సెల్ అంటే నూరు కోట్ల చుక్కలు) ఫోటోగా పెట్టింది. వేళ్ళతో సాగదీసుకుంటూ పోతే కుంచె గీత, రంగు మీద పగులు కూడా కనబడతాయి. మ్యూజియంలో నిలబడ్డవాళ్ళకి కూడా అంత దగ్గరగా చూసే వీలుండదు.

అయితే లింకు పంపి ఊరుకుంటే ఎవరూ తెరవరు. ఒక్క చిత్రం, పది నిమిషాలు, ఇద్దరు కలిసి. ఎవరు గీశారు, ఎప్పుడు అని పరీక్ష పెట్టకుండా "ఇందులో మీ కన్ను ముందు ఎక్కడ పడింది?" అని అడగండి. ఆ ప్రశ్నకి తప్పు జవాబు ఉండదు కాబట్టి మాట సాగుతుంది.

5. కాల్‌లో గోష్ఠి పెట్టడం

పెదనాన్నగారి బల్లని తిరిగి తెచ్చింది ఇదే. ఆయన పాత మిత్రులు ఇద్దరు మిగిలారు, వేర్వేరు ఊళ్ళలో ఉంటున్నారు. ప్రతి బుధవారం సాయంత్రం అయిదింటికి వీడియో కాల్ పెట్టాం. మొదటి మూడు వారాలు గందరగోళమే. నేర్చుకున్నవి చెబుతాను.

రోజు, వేళ మార్చకండి. వారం మధ్యలో ఎదురుచూడటానికి ఒకటుందన్న భావనే వాళ్ళకి కొండంత బలం. నలుగురైదుగురు చాలు. వాట్సాప్ వీడియో కాల్‌లో 32 మంది దాకా చేరవచ్చు గానీ, చిన్న తెర మీద అన్ని ముఖాలు పెద్దవారి కళ్ళకి ఆనవు. నలభై నిమిషాలకి మించనివ్వకండి, అలసిపోతారు. మొదట్లో ఒక యువ సహాయకుడు ఉండాలి, కానీ అతను మాట్లాడకూడదు, మైకులు చూసుకోవాలి అంతే. ఒకరు చదివేటప్పుడు మిగతావారి మైకులు ఆపండి. చదివేవారి ముఖం మీద వెలుగు పడేలా కూర్చోబెట్టండి, వెనక కిటికీ ఉండకూడదు. చెవులు తగ్గినవారు పెదాల కదలికని కూడా వింటారు.

పాట అయితే జాగ్రత్త. వీడియో కాల్‌లో అందరూ కలిసి పాడటం కుదరదు, ప్రయత్నించి నిరాశపడకండి. సంగీతం కలిసి వాయించడానికి ఒకరి ధ్వని ఇంకొకరికి 25 నుంచి 30 మిల్లీసెకన్లలో చేరాలి. మామూలు వీడియో కాల్‌లో అంతకు ఎన్నో రెట్లు ఆలస్యం అవుతుంది. అందుకే తాళం తప్పుతుంది, ఒకరి తప్పు ఇంకొకరి మీద పడుతుంది. దీనికి దారి ఉంది. ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు తమ మైకులు ఆపుకుని ఇంట్లోనే గొంతు కలపాలి. ప్రతి ఒక్కరికీ తాను పాడేవారితో కలిసి పాడినట్టే ఉంటుంది. ఇంకొక సంగతి, ఈ యాప్‌లు వీణని, తంబూరాని 'చప్పుడు' అనుకుని తొక్కేస్తాయి. జూమ్‌లో అయితే 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేస్తే ఆ సమస్య తీరుతుంది.

అందరి గొంతూ ఒకేసారి వినబడాలన్న కోరిక ఉంటే, ఎవరి భాగం వారు విడిగా రికార్డు చేసి తర్వాత కలపాలి. 2010లో ఎరిక్ విటాకర్ అనే స్వరకర్త 12 దేశాల 185 మంది గొంతుల్ని ఇలాగే ఒక్క పాటగా కలిపారు. ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళ గొంతులు కలపడానికి ఉచిత ఎడిటర్ ఒకటి చాలు.

6. వాళ్ళ దగ్గర ఉన్నది లోకానికి ఇవ్వడం

నన్నడిగితే మొత్తం మార్గదర్శిలో బలమైన మెట్టు ఇదే. ఎప్పుడూ తీసుకునేవారిగా మిగిలిపోవడం ఏ వయసులోనూ బాగుండదు.

గొంతు రికార్డు చేయడం సులువు. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో, మెత్తటి గుడ్డ మీద ఉంచండి. ఫ్యాన్ ఆపండి. మొదట పేరు, తేదీ, ఎక్కడ రికార్డు చేస్తున్నారో చెప్పించండి, ఇరవై ఏళ్ళ తర్వాత వినేవాళ్ళకి అదే ఆధారం. మూడు నుంచి అయిదు నిమిషాల ముక్కలుగా తీయండి. "మీ బాల్యం చెప్పండి" అనకండి, అది మోయలేని ప్రశ్న. "మీ ఇంటి గుమ్మం ఎలా ఉండేది?" అనండి. జవాబు అయ్యాక అయిదు సెకన్లు మౌనంగా ఉండండి. అసలు సంగతి ఆ మౌనం తర్వాత వస్తుంది. అమెరికాలో 2003లో మొదలైన స్టోరీకార్ప్స్ అనే సంస్థ ఇద్దరు దగ్గరివాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇలాగే రికార్డు చేస్తోంది. 128 కేబీపీఎస్ అనే మామూలు ఆడియో నాణ్యతలో నిమిషానికి సుమారు 1 ఎంబీ అవుతుంది కాబట్టి చోటు గురించి బెంగ వద్దు. కానీ మూడు కాపీలు ఉంచండి, రెండు రకాల పరికరాల్లో, అందులో ఒకటి ఇంటి బయట.

పాత ఫోటోలు స్కాన్ చేస్తుంటే 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), బొటనవేలంత చిన్నవైతే 600 డీపీఐ పెట్టండి. స్కాన్ చేసేటప్పుడే పక్కన కూర్చుని ఎవరెవరో చెప్పించుకోండి. వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తోనే.

చదువుకున్న పెద్దలకి ఇంకో గొప్ప పని ఉంది. వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పాత పుస్తకాల స్కాన్ ఒక పక్క, యంత్రం గుర్తించిన అక్షరాలు ఒక పక్క కనబడతాయి. తప్పులు దిద్దాలి. ఎవరూ దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. పాత ముద్రణలోని లిపి, ఇప్పుడు వాడుకలో లేని మాటలు గుర్తుపట్టడంలో యువకులు వీళ్ళ దరిదాపులకి రాలేరు. మంచి గొంతున్నవారు లిబ్రివాక్స్ అనే ఉచిత ఆడియో పుస్తకాల సైటులో, కాపీరైట్ ముగిసిన పుస్తకాలు చదివి ఇవ్వవచ్చు. 2005 నుంచి అంతా స్వచ్ఛందంగా నడుస్తోంది.

7. జ్ఞాపకం తగ్గుతున్నవారితో

ఇక్కడ తొందర పనికిరాదు. "గుర్తుందా?" అని ఎప్పుడూ అడగకండి. గుర్తులేదని ఒప్పుకోవడం వాళ్ళకి ఓటమిలా ఉంటుంది. ఫోటో చూపించి మీరే మాట మొదలుపెట్టండి, కలిస్తే కలుస్తారు. లివర్‌పూల్ జాతీయ మ్యూజియాలవారి 'హౌస్ ఆఫ్ మెమరీస్' యాప్ ఇదే పద్ధతిలో పాతకాలపు వస్తువుల బొమ్మలు, శబ్దాలు చూపిస్తుంది. మీరు మీ ఇంటి వస్తువులతో అలాంటి ఆల్బమ్ చేసుకోవచ్చు. మాటలు పోయినవారికి కూడా యవ్వనంలోని పాటలు తరచుగా అందుతాయి. పాట వింటూ ఏడిస్తే భయపడి ఆపేయకండి, చెయ్యి పట్టుకోండి. ఆందోళన పెరుగుతుంటే మాత్రం ఆపి వేరే పాట పెట్టండి.

8. మోసాలు, అనుమతి

మూడు వాక్యాలు అట్ట మీద రాసి ఫోన్ పక్కన పెట్టండి: ఓటీపీ ఎవరికీ చెప్పను. ఫోన్లో ఎవరు తొందరపెట్టినా పెట్టేసి ఇంట్లోవాళ్ళకి చేస్తాను. ఎవరు చెప్పినా కొత్త యాప్ వేయను. దూరం నుంచి తెర చూసే యాప్‌లు మీరు వాడితే, పని అవగానే తీసేయండి. మోసపోతే తిట్టకండి. ఒకసారి తిట్టించుకున్నవారు రెండోసారి జరిగింది దాచిపెడతారు.

వాళ్ళ గొంతు, ఫోటో, కథ ఎక్కడ పెడుతున్నారో ప్రతిసారీ అడిగే పెట్టండి. పిల్లలకి కథలు చెప్పమంటే ఒప్పుకున్నారంటే, ఊరంతా వినడానికి ఒప్పుకున్నట్టు కాదు.

9. బాగుందో లేదో ఎలా తెలుస్తుంది

2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫాన్‌కోర్ట్, స్టెప్టో అనే పరిశోధకులు ఇంగ్లండులో 50 ఏళ్ళు దాటిన 6,710 మందిని 14 ఏళ్ళు గమనించిన వివరాలు ప్రచురించారు. కొన్ని నెలలకోసారైనా మ్యూజియానికో నాటకానికో కచేరీకో వెళ్ళేవారిలో మరణ ముప్పు, అసలు వెళ్ళనివారితో పోలిస్తే 31 శాతం తక్కువగా కనబడింది. కళల వల్లే ఆయుష్షు పెరిగిందని ఈ అధ్యయనం నిరూపించదు. పైగా అది వెళ్ళి చూసిన సంగతి, తెర మీద చూసినది కాదు. అందుకే తెరని బయటికి తీసుకెళ్ళే దారిగా వాడండి. ఓపిక ఉన్నవారికి కచేరీ వివరాలు వెతకడం, టికెట్ తీసుకోవడం, రానూపోనూ బండి చూసుకోవడం నేర్పండి.

ఇంట్లో మీరు గమనించవలసినవి చిన్న సంగతులు. కాల్ అయ్యాక ఎవరికైనా దాని గురించి చెబుతున్నారా? బుధవారం ఉదయం తలదువ్వుకుని మంచి చొక్కా వేసుకుంటున్నారా? రాత్రి నిద్ర ఎలా ఉంది? గంటలకొద్దీ తెర తోస్తూ, మాట తగ్గి, చిరాకు పెరుగుతుంటే ఏదో తేడా ఉంది. అప్పుడు తగ్గించండి, మొదటి మెట్టుకి వెళ్ళి మళ్ళీ అడగండి. వాళ్ళు వద్దంటే వద్దు. నెలకోసారి అప్‌డేట్లు, చార్జర్, పాస్‌వర్డ్ మీరే చూసుకోండి. ఒక అప్‌డేట్‌కి బొమ్మ చోటు మారితే చాలు, మూడు నెలల అలవాటు పోతుంది.

పెదనాన్నగారు ఇప్పుడు బుధవారం చదవబోయే పుస్తకాన్ని వికీసోర్స్‌లో ముందు దిద్దుతారు. మొన్న ఫోన్ చేసి, "నేను పసుపు చేసిన పేజీని ఎవరో ఆకుపచ్చ చేశారమ్మా, కానీ నాలుగో వరుసలో ఒక దీర్ఘం వదిలేశారు. వాళ్ళతో ఎలా మాట్లాడాలో చూపించు" అన్నారు. ఆదివారం వెళ్ళి, ఆ పేజీకి ఉండే చర్చా పేజీ ఎలా తెరవాలో చూపించి వచ్చాను. ఫోన్ మాత్రం ఆయన చేతిలోనే ఉంది.